గాలి వదిలేసినవాడు

పడవ రేవుకి ఆనకముందే యూలాలీకి ఆ చప్పుడు వినబడింది.

బుస్సుమంటోంది.

రేవు చివర పనివాడు థాడియస్ గొంతుక్కూచుని ఆఖరి గాలి సిలిండరు మర తిప్పుతున్నాడు. పక్కన మిగతావన్నీ పడున్నాయి. అన్నీ ఖాళీ.

పడవలో హోటలు వాళ్ళు పంపిన యాత్రికులున్నారు. పక్క దీవిలోని హిల్స్‌బరో రేవుకి వెళ్ళి యూలాలీయే ఎక్కించుకొచ్చింది. మూడు రోజులు చుట్టుపక్కల దీవులు తిరగాలి. వీపున గాలి సిలిండర్లు కట్టుకుని పగడాల దగ్గర నీళ్ళలో మునగాలి.

ఈ జట్టు మెచ్చుకుంటే ఏడాదంతా మనుషుల్ని నీకే పంపుతామన్నారు. లేకపోతే పోటీకి సెల్విన్ పడవ ఉంది.

ఆ పడవ పక్కనే కట్టేసి ఉంది.

"ఏం చేస్తున్నావురా?" యూలాలీ రేవు మీదికి దూకింది.

"వదిలేశాను కెప్టెనమ్మా. ఈ గాలి మంచిది కాదు."

ఆ మాట ఆమెకి కొత్త కాదు. యూలాలీ సిలిండర్లలో గాలి మంచిది కాదని సెల్విన్ నెల రోజులుగా ప్రతి రేవులోనూ చెబుతున్నాడు.

అదే మాట. ఇప్పుడు తన రేవులో, తన తిండి తిన్నవాడి నోట.

"సెల్విన్ ఏం ఆశ పెట్టాడు నీకు?"

"సెల్విన్ కాదు. కెస్టర్‌ని అడగండి, మిషను ఎక్కడ..."

"నా మరిది పేరెత్తకు!"

కెస్టర్ రమ్ము కొట్టులోంచి కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. సిలిండర్లు చూశాడు. నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు.

"చూశావా వదినా? ఊరు చెప్పడు, అయినవాళ్ళెవరో చెప్పడు. ఇలాంటివాణ్ణి పెట్టుకోవద్దంటే విన్నావా? నిన్నంతా చెమటోడ్చి నింపాను!"

థాడియస్ కెస్టర్ వైపు చూశాడు.

కెస్టర్ సముద్రం వైపు చూశాడు.

యూలాలీ చేతికి తెడ్డు దొరికింది.

"చేపల పులుసు పోశాను కదరా! చచ్చిపోయిన మా ఆయన చొక్కా ఇచ్చాను కదరా!"

దెబ్బ భుజం మీద పడింది. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు. చొక్కా విప్పాడు. మడతపెట్టి తాడుచుట్ట మీద ఉంచాడు.

యాత్రికులు లేచి నిలబడ్డారు. మళ్ళీ నింపాలంటే మధ్యాహ్నం దాటుతుంది. ఇదంతా చూశాక ఆగేదెవరు?

"రండి బాబూ రండి! మా సిలిండర్లు నిండుగా ఉన్నాయి!" సెల్విన్ పళ్ళన్నీ బయటపెట్టాడు.

సంచులు ఒక్కొక్కటే ఆ పడవలోకి మారాయి.

ఆ పూట దీవి దాటే పడవ అదొక్కటే. థాడియస్ కూడా దాని దగ్గరికి నడిచాడు.

"ఎక్కరా నాయనా! నాకింత మేలు చేసినవాణ్ణి వదిలేస్తానా?" సెల్విన్ పగలబడి నవ్వాడు.

యూలాలీ చూస్తూ నిలబడింది. ఇంకేం రుజువు కావాలి?

మర్నాడు ఖాళీగా కూచోలేకపోయింది. పగడాల దగ్గర లంగరు తాడు ఎలా ఉందో నీళ్ళలో దిగి చూసొస్తానంది. కెస్టర్ ఒక సిలిండరు నింపి తెచ్చాడు. ఇస్తూ ఏదో అనబోయి ఊరుకున్నాడు.

నీళ్ళ కింద నొప్పితో తల పగిలిపోయినట్టయింది. కళ్ళు తిరిగాయి. ఎలా పైకి తేలిందో తెలియదు. వలలు లాగేవాళ్ళు పట్టుకుని ఒడ్డుకి చేర్చారు.

ఆస్పత్రిలో నర్సు మాస్కు తీసి అడిగింది. "పొగ పీల్చావు నువ్వు. నీళ్ళలో పొగెక్కడిదమ్మా?"

యూలాలీ గోడ పట్టుకుంటూ ఇంటికొచ్చింది. గాలి నింపే మిషను ఎప్పుడూ రేవు చివర, గాలి బాగా తగిలే చోట ఉంటుంది. అక్కడ లేదు. నిన్నటి గొడవలో అది చూసుకోనేలేదు.

రమ్ము కొట్టు వెనక ఉంది.

గోడకీ బండకీ మధ్య ఇరుకులో. ఇంజను పొగ బయటికి పోయే దారి లేదు. ఆ పొగలోనే గాలి లాగే గొట్టం నోరు తెరుచుకుని ఉంది.

"ఎప్పుడు మార్చావు?"

"నువ్వు హిల్స్‌బరో వెళ్ళిన రోజు. కొట్టులో డామినో బిళ్ళలు ఆడేవాళ్ళు చప్పుడని గోల పెడితే..." కెస్టర్ నసిగాడు.

"ఇక్కడ పెట్టొద్దని థాడియస్ చెప్పాడా నీకు?"

కెస్టర్ బండ మీది మసి గోరుతో గీకాడు.

"చెప్పాడా లేదా?"

"చెప్పాడు వదినా. మళ్ళీ నింపమన్నాడు. నాకు చెప్పడానికి నువ్వెవడివిరా పొమ్మన్నాను."

"నేను కొడుతుంటే నీ నోరేమైంది?"

"నన్నూ వెళ్ళగొడతావని..."

"సిలిండరు నా చేతికిస్తున్నప్పుడు?"

కెస్టర్ తల దించుకున్నాడు.

యూలాలీ అరవలేదు. "సెల్విన్ సంగతి నాకు తెలుసురా. వాడి మీద కన్నేసే ఉంచాను. నీ మీద ఉంచలేదు."

ఆ సాయంత్రమే థాడియస్‌ని వెతుకుతూ పడవ తీసింది.

హిల్స్‌బరో రేవులో రొట్టెలు వేయించే ముసలావిడ, మిస్ ఐనా, మూకుడు దించుతోంది.

"థాడియస్సా? పొద్దున్నే సరుకుల ఓడ ఎక్కేశాడు పిల్లా. చెయ్యి పైకి లేవడం లేదు పాపం. ఎవడు కొట్టాడ్రా అంటే జారిపడ్డానన్నాడు."

"ఏ దీవికి?"

"ఎవరికి తెలుసు? గాలి నింపే మిషను ఎక్కడుంటే అక్కడ చేరతాడు. కూలి కూడా అడగడు. జైలు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అంతే."

"జైలా?"

"నీకు చెప్పలేదూ? ఉత్తరాన ఏదో దీవిలోట. కొత్తగా పెళ్ళైన జంట, చేపలు చూద్దామని నీళ్ళలో దిగారు. శవాలై తేలారు."

మిస్ ఐనా గుడ్డతో చెయ్యి తుడుచుకుంది.

"వాళ్ళ సిలిండర్లు నింపింది ఇతనే."