పంతొమ్మిది యాష్‌ట్రేలు

"ముందు ఆ గోడ మీదవి తియ్యి! అయ్యగారు పది నిమిషాల్లో ఇక్కడుంటారే!" తీతు అరిచాడు.

కృపమ్మ పీట మీద నిలబడి, పింగాణీ యాష్‌ట్రేలో నాటిన మనీప్లాంటుకు నీళ్ళు పోస్తోంది. వెనక్కి తిరగలేదు.

"ఎందుకు తియ్యాలండీ? ఇల్లు అందంగా ఉంటాదని పెట్టినాను. పొగ తాగడానికి కాదు కదా."

"సూసినోడికి అదెలా తెలుస్తాదే? వాళ్ళ కంటికి యాష్‌ట్రే యాష్‌ట్రేనే!"

ఆ రైల్వే క్వార్టర్ ముందుగదిలో మొత్తం పంతొమ్మిది ఉన్నాయి. ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ ఆంగ్లో ఇండియన్లు అమ్మేసినవి కొన్ని, గోల్‌బజార్ పాతసామాన్ల కొట్టులో ఏరుకొచ్చిన ఇత్తడివి కొన్ని. కిటికీలో ఉన్నదానిలో కొవ్వొత్తి. అద్దం దగ్గర ఉన్నదానిలో పిన్నీసులు. టీవీ మీద గాజుదానిలో ప్లాస్టిక్ గులాబీలు. ఐదింటిని ప్లైవుడ్ ముక్కకు అతికించి, గవ్వలు నింపి, బైబిలు వాక్యాల క్యాలెండర్ పక్కన గోడకు తగిలించింది.

తీతు సిగరెట్లు మానేసి ఆరు నెలలైంది. పొగ తాగేవాణ్ణి సంఘ పెద్దగా పెట్టేది లేదని పాస్టరు సమూయేలు అయ్యగారు ముఖం మీదే చెప్పేశారు. ఈ ఆదివారం ఆరాధనలో కొత్త పెద్ద పేరు చదువుతారు. తీతు పన్నెండేళ్ళుగా ఎదురుచూస్తున్న పదవి అది. చివరిసారిగా ఇల్లు చూసి, ప్రార్థన చేసి వెళ్ళడానికే అయ్యగారు వస్తున్నారు.

"ఈ ఒక్క పూటకి మంచం కింద పెట్టవే," బతిమాలాడు.

"అంత దూరం మలంచా పేట నుంచి బెంగాలీ దీదీలు పనిగట్టుకుని వచ్చి సూసి ఎల్తన్నారు. మీ ఒక్కరి కంటికే ఆనవు."

తలుపు చప్పుడైంది.

సమూయేలు అయ్యగారు లోపలికి వచ్చారు. వెనకే ఆయన తల్లి ఎలీసమ్మ. ఇచ్ఛాపురం నుంచి నిన్ననే బండి దిగింది. తల మీద ముసుగు వేసుకుని, కొంగు నోటికి అడ్డం పట్టుకుంది.

"వందనాలు అయ్యగారూ. వందనాలు మామ్మగారూ."

ఎలీసమ్మ తల మాత్రం ఊపి కుర్చీలో కూర్చుంది. గోడ వైపు చూసింది. టీవీ వైపు చూసింది. నోటి మీద కొంగు తియ్యలేదు.

"టీ తెమ్మంటారా మామ్మగారూ?" కృపమ్మ అడిగింది.

ఎలీసమ్మ వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"ఇవన్నీ ఏమిటి తీతూ?" అన్నారు అయ్యగారు.

"మా ఆవిడ సరదా అయ్యగారూ. ఊరికే అలంకారం. నేను ఆరు నెల్ల కిందటే మానేసినాను."

"మంచిది." అయ్యగారు ఆగి, ముక్కు ఎగబీల్చారు. "మరి ఈ వాసనేమిటి?"

తీతు కూడా పీల్చాడు. పొగాకు వాసన! ఎవరో ఇప్పుడే ముట్టించినట్టు ఘాటుగా ఉంది.

"నాకు తెల్దు అయ్యగారూ! ఇందాకటి దాకా లేదు!"

కృపమ్మ కళ్ళు పెద్దవి చేసింది. "ఏటండీ, మళ్ళీ మొదలెట్టినారా?"

"నువ్వు నోర్ముయ్యే! నీ సామాను మూలానే కదా ఇదంతా!"

"నా సామానుకి వాసనెక్కడిది? ఒక్కోటీ సబ్బెట్టి తోమినాను!"

అయ్యగారు లేచారు. గులాబీలు పైకెత్తి చూశారు. పిన్నీసులు అరచేతిలో పోసుకున్నారు. మనీప్లాంటు మట్టిలో వేలు పెట్టి కెలికారు.

"సూడండి అయ్యగారూ! ఒక్కదాన్లో అయినా చిటికెడు బూడిదుందా?" తీతు వెంటపడ్డాడు.

"బూడిద దాచెయ్యొచ్చు తీతూ. వాసన దాచలేం."

"పోనీ, నా నోరు సూడండి. హా!"

అయ్యగారు రెండడుగులు వెనక్కి వేశారు. "పచ్చి ఉల్లిపాయ తిన్నావు. అది ఎందుకు తింటారో నాకు తెలుసు."

"పకోడీలు తిన్నానండీ! రైల్వే వర్క్‌షాపులో అందరం తిన్నాం! కావాలంటే నాతో పన్జేసే సొలొమోన్ని అడగండి!"

"ఇక చాలు. ఈ ఆదివారం నీ పేరు చదవలేను."

తీతు జుట్టు పీక్కున్నాడు. తాగే రోజుల్లో ఒక్కసారి కూడా అయ్యగారి ఎదుట దొరకలేదు. మానేశాక దొరికిపోయాడు. దిక్కుతోచక ఎలీసమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"మామ్మగారూ, మీరైనా సెప్పండి. దేవుడి సాక్షి, నేను ముట్టలేదు."

ఆవిడ ముఖం పక్కకు తిప్పుకుంది.

"మా అమ్మని ఇబ్బంది పెట్టకు," అన్నారు అయ్యగారు. "అమ్మా, ఈ ఇంటి కోసం నాలుగు మాటలు ప్రార్థన చెయ్యి. బయల్దేరదాం."

ఎలీసమ్మ అడ్డంగా తల ఊపింది.

"చెయ్యమ్మా. పెద్దదానివి."

మళ్ళీ అడ్డంగా ఊపింది, ఈసారి విసురుగా.

"ఏమైందమ్మా నీకు? మన ఇంటి గుమ్మం దిగిన దగ్గర్నుంచి ఒక్క మాట లేదు. వీళ్ళు ఎదురు చూస్తున్నారు. నోరు తెరువు!"

ఎలీసమ్మ చిరాగ్గా కొంగు లాగేసింది. పెదాల మధ్య పొట్టి చుట్ట ముక్క ఉంది. పట్టుకుని బయటికి లాగింది. నోటి లోపలి నుంచి ఎర్రగా కణకణలాడుతున్న కొస వచ్చింది. దాని వెంట గుప్పున పొగ.

అయ్యగారు గోడకు ఆనుకుపోయారు.

చుట్ట చేత్తో పట్టుకుని ఆవిడ గదంతా కలయజూసింది. గోడ, కిటికీ, అద్దం, టీవీ.

"ఏటే అమ్మీ, ఇన్ని బూడిద గిన్నెలెట్టినావు, ఈ సుట్ట ఆర్పుకోడానికి ఒక్కటైనా కాళీ ఉంచలేదేటే?"