నెమలి తల

"నేను పోను. నాకు భయమైతుంది," అంటూ రమ్య గ్రీన్‌రూమ్ మూలన చతికిలబడి, నెమలి తలను విసిరికొట్టింది. స్వరూపరాణి గబుక్కున పట్టుకుంది. బడంగ్‌పేట్ నుంచి బస్సులో పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తెచ్చిన తల అది. బయట దిల్‌సుఖ్‌నగర్ హాలు కిటకిటలాడుతోంది.

డైరెక్టర్ పట్టాభి బతిమాలాడు, బెదిరించాడు, చాక్లెట్ చూపించాడు. లాభం లేకపోయింది. చివరికి ఆయన చూపు ఇందు మీద పడింది. ఇందు స్వరూపరాణి కూతురు. పిల్లల నాటకాలకు వేషాలు కుట్టే స్వరూపరాణి ప్రతి డ్రెస్సునూ ముందు కూతురికే తొడిగి చూసుకుంటుంది. రాణి, చిలక, చందమామ, అన్నీ ఆ పిల్ల ఒంటి మీద నుంచే స్టేజీకి వెళ్లాయి. ఆ పిల్ల మాత్రం ఏనాడూ వెళ్లలేదు.

"స్వరూపమ్మా, మీ అమ్మాయికి ఈ డ్యాన్సు వచ్చు కదా?"

"ఎందుకు రాదు సార్? రిహార్సల్స్ అన్నీ చూసింది."

"అయితే తొడిగేయండి. మాటలన్నీ రికార్డింగే, ముఖం కనిపించదు. చివర్లో మాత్రం డ్రెస్సు మళ్లీ రమ్యకి వేసేయాలి."

చివర్లో అంటే, నాటకం అయ్యాక పిల్లలంతా వరసగా వచ్చి, పేరు పిలవగానే ముసుగు తీసి ముఖం చూపించేటప్పుడు. అసలు చప్పట్లన్నీ అప్పుడే.

"ఆడేది నా బిడ్డ, చప్పట్లు రమ్యకా సార్?"

"హాలు ఇప్పించింది రమ్య వాళ్ల నాన్న. ముందు వరసలోనే కూర్చున్నారు. నా పరువు తీయకండమ్మా."

స్వరూపరాణి కూతురికి డ్రెస్సు తొడిగి, నెమలి తల పెట్టి, సూదిలో జంట దారం ఎక్కించి, తలను డ్రెస్సు మెడపట్టీకి చుట్టూ కుట్టేసింది.

"ఏందమ్మా గిది?"

"కదలకు. ఆఖర్ల నీ ఒంటి మీదికెళ్లి ఎట్ల గుంజుకుంటరో నేను చూస్త. అందరి ముందట నిలబడేటప్పుడు నేనే కత్తిరిస్త. నీ ముఖం జర చూడనీ లోకం."

ఇందు ఆడింది. ఏం ఆడిందని! హాలు హాలంతా ఈలలు. ఇన్నాళ్లూ కొయ్యబొమ్మలా నిలబెట్టి కొలతలు చూసుకున్న పిల్లలో ఇంత ఆట ఉందని కన్నతల్లికే తెలియదు. కత్తెర చేతబట్టుకుని, తెర చాటున నిలబడి స్వరూపరాణి ఏడ్చేసింది.

ఆట ముగిసింది. ఇందు రొప్పుతూ తెర చాటుకు వచ్చింది. పట్టాభి రమ్యను లాక్కొచ్చి, ఇందు తల మీది ముసుగు పట్టి గుంజాడు. రాలేదు. మెడ చుట్టూ తడిమి చూశాడు.

"కుట్టేశారా?"

"కుట్టిన సార్. మళ్ల రమ్యకు తొడిగే టైమ్ లేదు. ఇగ నా బిడ్డనే పోతది," అంటూ ఆమె కత్తెర ఎత్తింది.

తిట్లకు సిద్ధపడే ఉంది. పట్టాభి తిట్టలేదు. ఒక్క క్షణం ఆలోచించి హాయిగా నవ్వాడు. కత్తెర ఆమె చేతిలోంచి లాగేసుకున్నాడు.

"ఎంత మంచి పని చేశారమ్మా! మార్చే బాధ తప్పించారు," అని ఇందును స్టేజీ మీదికి తోసి, మైకు అందుకున్నాడు.

లైట్ల కింద ఇందు రెండు చేతులతో నెమలి తలను పట్టుకుని గుంజుతోంది, ఊపిరాడనట్టు గుంజుతోంది.

"ముసుగు రావట్లేదు పాపం, ఫర్వాలేదు! మనందరినీ మురిపించిన ఈ నెమలి... చిన్నారి రమ్య! గట్టిగా చప్పట్లు కొట్టండి!"