రాగిరేకు మీద పిండిమర

"ఈ మరకి పైకప్పెందుకయ్యా?" అన్నాడు క్రౌజే, బొమ్మని కిటికీ వెలుతురులో పట్టుకుని.

"మా అక్క అందులో కాపురముంటోంది కనక," అన్నాడు ఆల్బన్ కోపంగా.

క్రౌజే డ్రెస్డెన్‌లో బొమ్మలు అచ్చేసి అమ్మడంలో ముదిరిపోయినవాడు. ఆల్బన్ రాగిరేకుల మీద కొండలూ అడవులూ చెక్కి పొట్ట పోసుకుంటున్నాడు. ప్రభువుగారు తన ఉద్యానవనం పెంచడానికి వాగొడ్డున ఉన్న ఆ పిండిమరని వచ్చే వారం పడగొట్టిస్తారట. బొమ్మ చూపించి ఆయన మనసు మార్చాలని ఆల్బన్ ఆశ.

"బాగున్న ఇల్లు చూస్తే ఆయన ఆవలిస్తారు. అదే పాడుబడ్డ గోడలైతే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. కప్పు తీసెయ్. మనిషి కట్టిందాన్ని అడవి మింగేస్తున్నట్టుండాలి. ఇప్పుడు గొప్పోళ్లందరికీ అదే పిచ్చి!" అన్నాడు క్రౌజే.

"అక్క చూస్తే చీపురు తిరగేస్తుంది."

"మీ అక్కకి ఇల్లు కావాలా, బొమ్మలో కప్పు కావాలా?"

ఆల్బన్ బొమ్మ లాక్కుని ఇంటికి నడిచాడు. ఆ రోజే రేకు మీద కప్పు గీతలన్నీ గీకి నునుపు చేశాడు. మళ్లీ మైనం పూసి, అక్క వంటపొయ్యి ఉండే చోట ఓక్ చెట్టు గీశాడు. కిటికీల్లోకి తీగలు దూర్చాడు. గీసిన చోటల్లా రాగిని తినేసే ద్రావకంలో రేకుని ముంచుతుంటే, బతికున్న అక్కని చేతులారా పూడ్చిపెడుతున్నట్టనిపించి ఏడుపొచ్చింది.

ఆల్బన్ అచ్చు తీసి తెచ్చిన బొమ్మని ప్రభువు చాలాసేపు చూశాడు. నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు.

"ఈ గోడల్లో ఒక్క రాయి కదిలినా ఊరుకోను. నా వనానికి ఇదే ప్రాణం!" అన్నాడు.

క్రౌజేకి కావలసిన అచ్చులు తీసిచ్చి, నాలుగో రోజున ఆల్బన్ అక్కకి ఆ మాట చెప్పడానికి బయల్దేరాడు. దారిపొడవునా ఈలలు వేశాడు. వాగు మలుపు తిరిగేసరికి మంచం, గిన్నెలు, పిండి బస్తాలు అన్నీ గడ్డి మీద పడున్నాయి. వాటి మధ్య అక్క కూలబడి ఉంది. మర కప్పు మీద నలుగురు మనుషులు పెంకులు ఊడబీకుతున్నారు.

"ఒరేయ్ తమ్ముడూ, ప్రభువుగారికి ఏం చెప్పావురా?" అంది అక్క.

"ఆపండి! మరని ముట్టుకోవద్దని ప్రభువుగారే నాతో అన్నారు!" ఆల్బన్ గొంతు చించుకున్నాడు.

మేస్త్రీ నిచ్చెన మీది నుంచే జేబులోని కాగితం తీసి విప్పాడు.

"గోడల జోలికి పోం లెండి. అచ్చం ఈ బొమ్మలాగే చెయ్యమన్నారు. వంటింట్లో ఈ చెట్టుకి గొయ్యి ఎక్కడ తవ్వాలో కాస్త చూపిద్దురూ, గీసింది మీరేనటగా?"