గోడవతలి అక్క

"ఆ గిన్నెల బల్ల పక్కకు జరుపు. మేస్త్రి వచ్చేశాడు," అన్నాడు మొగుడు.

చిన్నకోడలు కదల్లేదు. "గోడ మొత్తం పగలగొడతారా?" అంది.

"మరి? అన్నయ్యా నేనూ రాజీపడ్డాం. ఇంకా మధ్యలో గోడెందుకు?"

కట్టినవాడే తీస్తానంటున్నాడు. అన్న మీద కోపంతో, ఆయన పడగ్గది కిటికీకి గాలీ వెలుతురూ రాకూడదని, సందులాంటి జాగాలో కట్టిన ఇల్లది. వీధిలో వాళ్లు దాన్ని రైలుపెట్టె అంటారు. మంచం అడ్డంగా పట్టదు. మొగుడు భోంచేస్తుంటే ఆవిడ అవతలికి పోవాలంటే ఆయన కంచం ఎత్తి పట్టుకోవాలి. అన్నదమ్ములకు మాటల్లేవు కాబట్టి తోడికోడళ్లకూ ఉండకూడదన్నారు. వీధిలో ఎదురైతే ఇద్దరూ తలలు దించుకుని పోయేవారు.

కానీ వంటింటి గోడ ఉంది. దానికి ఆనుకుని అవతల ఉన్నది అక్క, అంటే పెద్ద తోడికోడలి పడగ్గదే.

కాపురానికొచ్చిన కొత్తలో ఒకరోజు గరిటె తగిలి ఆ గోడ టక్కుమంది. అవతల నుంచీ టక్కుమంది. ఆవిడ నవ్వుకుని రెండుసార్లు కొట్టింది. రెండుసార్లు జవాబొచ్చింది. అప్పట్నుంచి ఆవిడకు అక్కంటే ఆ గోడే. మొగుడు డ్యూటీకి పోయి, ఆవిడ జ్వరంతో పడుకున్ననాడు, లేచి బదులిచ్చేదాకా గోడ మోగుతూనే ఉంది. బిడ్డ కడుపులోనే పోయిందని మొదట చెప్పుకున్నదీ దానికే. ఆ రోజు అవతల నుంచి మెల్లగా, జోకొట్టినట్టు, చాలాసేపు వినిపించింది.

"ఒక్క నిమిషం మీరిద్దరూ బయటుండండి," అంది.

"ఎందుకు?"

"ఎందుకైతేనేం. ఉండండి."

వాళ్లు వెళ్లాక గోడకు నోరు ఆనించింది. "అక్కా, గోడ తీసేస్తున్నారు. ఇంక మనకీ దొంగచాటు కబుర్లు అక్కర్లేదు. నిన్ను కళ్లారా చూస్తాను," అని గరిటెతో రెండుసార్లు కొట్టింది.

జవాబు రాలేదు. మళ్లీ కొట్టింది. ఈసారి వచ్చింది. ఒక్కసారే, బరువుగా.

"ఎవరితోనే మాట్లాడుతున్నావ్?"

వెనక్కి తిరిగి చూసింది. గుమ్మంలో అక్క. ఆ సన్నటి దారిలో పక్కవాటుగా నడిచొచ్చి చిన్నకోడలి రెండు చేతులూ పట్టుకుంది. వెచ్చటి చేతులు.

"ఎన్నాళ్లకే నిన్నిలా ముట్టుకోవడం. ఏంటలా చూస్తావ్?"

చిన్నకోడలు గోడవైపు చూసింది. "అక్కా, రోజూ గోడ కొట్టేది నువ్వు కాదా?"

అక్క మొహం పాలిపోయింది. "నేనా? నువ్వే కొడుతున్నావనుకున్నాం, మా మీద కసితో. ఆ చప్పుడు పడలేకే కదే, మీరు ఇల్లు కట్టిన ఏడాదే ఆ గదికి తాళం వేసి ముందుగదిలోకి మారిపోయాం. తాళంచెవి కూడా ఎక్కడుందో తెలీదు."

"ఇంక కానిద్దామా అమ్మా?" అంటూ మేస్త్రి లోపలికొచ్చి గునపం ఎత్తాడు.

గోడ అవతల మొదలైంది. టకటకా, ఆగకుండా, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, ఊపిరాడనివాళ్లు తలుపు బాదినట్టు. మేస్త్రి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"పద, బయటికి పోదాం పద," అని అక్క లాగింది.

చిన్నకోడలు ఆ వెచ్చటి చేతుల్లోంచి తన చేతులు మెల్లగా విడిపించుకుంది. గోడకు వీపు ఆనించి నిలబడింది.

"గునపం దించు మేస్త్రీ," అంది. "మా అక్క భయపడుతోంది."