రెండు జాడీల మధ్య ప్లస్

కోహ్కాలో కొత్త కాపురం. సుభాష్ అమ్మ పెట్టిన ఆవకాయ జాడీ ఒకటి, సత్యశ్రీ అమ్మ పెట్టినది ఒకటి. అలమరలో చోటు ఒక్కదానికే ఉంది.

"ఏటి చేద్దాం?" అంది సత్యశ్రీ.

సుభాష్ లాప్‌టాప్ మీంచి విసుగ్గా తలెత్తాడు. "నా ప్రోగ్రాంలోనూ ఇదే గొడవ. రెండు లిస్టులకి ప్లస్ పెడితే అన్నీ ఉంటాయి. పేర్లు పెట్టి దాచే డిక్షనరీలకి అదే ప్లస్ పెడితే ఎర్రర్! నిలువు గీత పెట్టాలంట. పెడితే, ఒకే పేరున్నవాటిల్లో తర్వాతొచ్చిందే ఉంటాది, ముందున్నది ఎగిరిపోద్ది."

"బస్, తేలిపోయింది! రెండిటి పేరూ ఆవకాయే. ఈ ఇంటికి తర్వాతొచ్చింది నేనే," అంటూ సత్యశ్రీ తన జాడీని అలమరలో పెట్టేసింది.

అంతలో తలుపు చప్పుడైంది. భోజనానికి పిలిచిన సత్యశ్రీ అత్తగారు రిసాలి నుంచి దిగారు, చంకలో కొత్త ఆవకాయ జాడీతో.

"ఆటో దొరక్క ఆలీసమైపోనాదమ్మా. అందరికన్నా ఆఖర్న వచ్చింది నేనేనేటి?"