గుండ్రటి మూల

“ఎంతసేపు పడుతుంది మాస్ట్రో?” గుమ్మంలోంచే అరిచింది బాసిలియా.

ఎలిసెయో లేత్ మిషను మీద ఇనుము కోసే మేస్త్రీ. ఆవిడ బల్ల మీద పడేసిన విరిగిన ఇనుప ముక్కని తిప్పి తిప్పి చూస్తున్నాడు. గనిలో నీళ్లు తోడే పంపుని మోటారు షాఫ్టుకి కలిపే కప్లింగు అది. సగమే ఉంది.

“రెండో ముక్కేది?”

“కొలతకి సగం చాలదా? లోపల నడుముదాకా నీళ్లొచ్చేశాయి. నా కొడుకు రెమ్బెర్తోతో కలిపి అయిదుగురున్నారు. మూడున్నరకల్లా పైకప్పు తాకుతాయంటున్నారు!”

గోడ గడియారంలో మధ్యాహ్నం పన్నెండు దాటింది. దాని పక్కనే కొమ్ముల సైతాను ముసుగు వేలాడుతోంది. తమ గనుల ఊరు ఒరూరోలో ఏటా జరిగే కార్నివాల్ జాతరలో, సైతాను డాన్సుకి ఇరవై ఏళ్లుగా ఎలిసెయో కట్టే వేషం అది. ఆయన ఉక్కు దిమ్మని లేత్ మీద తిరిగే చక్ పట్టులో బిగించి నడిమి బెజ్జం చకచకా వేసేశాడు. ఇక బెజ్జం నోట్లో, షాఫ్టు భుజం కూర్చునేలా ఒక మెట్టు తవ్వాలి. అక్కడ ఆగిపోయాడు. చేతిలో రెండు కోత టూల్స్.

“ఇంకా ఆలోచనేంటి?”

“ఈ మొనదేలింది కార్బైడు. అరగంటలో కోసి పారేస్తుంది. ఈ గుండ్రటి ముక్కుది పాతకాలపుది, నెమ్మదిగా నడపాలి. గంటన్నర.”

“మొనదే పెట్టండి మాస్ట్రో! మీ కాళ్లు పట్టుకుంటాను!”

ఆయన విరిగిన ముక్క ఆవిడ ముందుకి తోశాడు. “ఇక్కడ వేలు పెట్టి చూడు. మెట్టు మూలలో కత్తితో గీసినట్టు కోశాడు వెధవ. పగులు అక్కడే పుట్టింది. మూల కాస్త గుండ్రంగా వదిలితే పదేళ్లు నడిచేది. కార్నివాల్ ముందురోజు చేసుంటాడు గాడిద, డాన్సుకి టైమైపోతోందని! ఎవడో చెప్పు, వాడి చేతులు విరగ్గొడతాను.”

బాసిలియా తమలపాకులా బుగ్గన పెట్టుకున్న కోకా ఆకులు నమలడం ఆపేసింది. వీపునున్న మూట ముందుకి లాక్కుని గట్టిగా అదుముకుంది.

“ఇదీ విరిగితే?”

“సగం నీళ్లు తోడాక విరిగితే మళ్లీ చేసే టైముండదు డోన్యా బాసిలియా.”

ఆవిడ గడియారం వంక చూసింది. పెదవి కొరుక్కుంది. “గుండ్రటిదే పెట్టండి.”

ఆ మాట అనడానికి ఆ తల్లి ప్రాణం ఎంత కొట్టుకుందో దేవుడికే తెలియాలి.

టూలు ఉక్కుని తాకగానే కీచుమంది. ఎలిసెయో వేగం ఇంకా తగ్గించాడు. చక్ తిరుగుతున్నట్టే లేదు. వెంట్రుకంత మందాన ఉక్కు పొట్టు రాలుతోంది.

“కూర్చో డోన్యా.”

“కూర్చుంటే చస్తాను.”

ఒంటిగంటన్నరకి గనినుంచి ఫోనొచ్చింది. నీళ్లు గుండెలదాకా వచ్చాయట. బాసిలియా ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. గోడకి తల ఆనించి, దేవుడికి, గనిని కాచే సైతానుకి, గుర్తొచ్చినవాళ్లందరికీ మొక్కింది.

రెండింటికి పనైపోయింది. చేసిన ప్రతి వస్తువు వెనకా మూడు చుక్కలు కొట్టడం ఎలిసెయో అలవాటు. సుత్తి ఎత్తాడు, టైము లేదని దించేశాడు.

“కొట్టండి. ఎవరు చేశారో తెలియాలిగా,” అంది బాసిలియా.

కప్లింగు బిగించడానికి ఆయనే గని దాకా వెళ్లాడు. పంపు దగ్గింది, ఊగింది, తర్వాత బండెడు బురదనీళ్లు కక్కింది. విరగలేదు. అయిదింటికి ఒక్కొక్కరే పైకొచ్చారు. ఆఖరివాడు రెమ్బెర్తో, పెదవులు నీలంగా మారి ఉన్నాయి. బాసిలియా వాడి మీద పడి గొల్లుమంది. ఎలిసెయోకీ ఏడుపు ఆగలేదు.

“ఇప్పుడైనా చెప్పు డోన్యా, ఆ గాడిద ఎవడు? ఇవాళ వాడిని వదలను!”

ఆవిడ కళ్లు తుడుచుకుని మూట విప్పింది. అందులోంచి కప్లింగు రెండో సగం తీసి ఆయన చేతిలో పెట్టింది. ఎలిసెయో దాన్ని తిరగేసి, గ్రీజు బొటనవేలితో తుడిచాడు.

మూడు చుక్కలు.

“ముందే చూపిస్తే మీ చెయ్యి వణికేది మాస్ట్రో,” అంది బాసిలియా.