బండి కింద అట్టముక్క

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: మొగుడు తొక్కిన బ్రేకు పడకపోవడం.

లోడుతో ఉన్న చిన్న లారీ, ఎదురుగా కొండ దిగుడు, కాలి కింద మెత్తగా జారిపోయే పెడలు. గిన్నెలు తోముతున్నా, బట్టలు పిండుతున్నా కళ్ళ ముందు అదే.

"తాడు కనపడితే చాలు, పామని గోడెక్కుతావు," అని నవ్వేవాడు మొగుడు.

ఆ భయం చాలదన్నట్టు వీధి చివరింట్లోకి ఒక ముసలాయన అద్దెకు దిగాడు. సాయంత్రం లారీ వచ్చి ఆగేసరికి గేటు దగ్గర నిలబడేవాడు. తల ఓ పక్కకు వాల్చి, రెప్ప వెయ్యకుండా ఇటే చూపు.

నవ్వడు. పలకడు.

ఒక పొద్దున మొగుడు లారీ ఇంటి దగ్గరే ఉంచి, చీకటుండగానే లోడు మాట్లాడటానికి వెళ్ళాడు. ఆమె ఎప్పటిలాగే లారీ కింద నేల కడుగుతోంది. పాప పాకే వయసు. నేల మీద మరక కనపడితే ఆమె ప్రాణం ఒప్పదు. రోజూ మొగుడు లేవకముందే గీకి గీకి కడిగేస్తుంది.

"కడగొద్దు తల్లీ," అన్నాడు ముసలాయన గేటు అవతల్నుంచి.

ఆమెకు ఒళ్ళు మండింది.

"ఏం పెద్దమనిషీ! రోజూ గుడ్లప్పగించి చూసేది చాలక, మా ఇంట్లో ఏం కడగాలో కూడా నువ్వే చెప్తావా?"

ఆయన కోప్పడలేదు.

"రోజూ కడిగేస్తున్నావు. మీ ఆయనకి మరక కనపడేదెలా? బండి ఆపేటప్పుడు బ్రేకు రెండేసి సార్లు తొక్కుతున్నాడమ్మా. ఎక్కడో కారుతోంది."

ఆమె చీపురు పక్కన పెట్టింది.

"ఓ అట్టముక్క ఉంటే, నువ్వు కడిగిన చోటే పరిచి చూడు," అన్నాడు.

పాత అట్టపెట్టె చింపి పరిచింది. బట్టలు ఆరేసి వచ్చేసరికి దాని మీద మరక.

"ఏ రంగు?" అని అడిగాడు, లోపలికొచ్చి కూర్చున్న ముసలాయన.

'ఎదురుగా పెట్టుకుని నన్నడుగుతాడేంటి, పరీక్షా?' అనుకుంది. "లేత పసుపు."

"నలుపు కాదుగా? అయితే ఇంజనాయిలు కాదు. ఆకుపచ్చా కాదు, రేడియేటరు నీళ్ళు కావు." అట్ట అందుకుని వేలితో రాసి వాసన చూశాడు. "బ్రేకాయిలు. వెనక చక్రం లోపలివైపు తడిమి చూడు."

తడిమింది. వేళ్ళు జిడ్డుగా వచ్చాయి. ఫోను తీసింది.

"ఏవండీ, బ్రేకాయిలు కారిపోతోంది!"

"మళ్ళీ మొదలెట్టావా? పాత బండి, కాస్త తాగుతుంది. నేను పోస్తూనే ఉన్నాగా."

ముసలాయన ఫోను కోసం చెయ్యి చాచాడు.

"బాబూ, తాగడానికి అదేమన్నా మనిషా? తగ్గిందంటే కారినట్టే. ఇలాగే వదిలేస్తే కొండ దిగేటప్పుడు తెలుస్తుంది. వచ్చేటప్పుడు చక్రం బ్రేకులో ఆయిలు ఆపే రబ్బరు కప్పులు తీసుకురా."

అవతల మొగుడు లోడు బేరం మధ్యలోనే ఆపేశాడు.

"వస్తున్నా."

మధ్యాహ్నానికి లారీ జాకీ మీద లేచింది. చక్రం ఊడింది. మొగుడు ఒక్కొక్క ముక్కా విప్పి ముసలాయన చేతిలో పెడుతున్నాడు. ఆయన రబ్బరు కప్పును వేళ్ళ మధ్య తిప్పి, "ఇదిగో, అంచు చిరిగింది," అన్నాడు. స్పానరు కాలి దగ్గరే పడి ఉన్నా వంగి తీసుకోలేదు.

'రాజాధిరాజు! అన్నీ చేతికందాలి,' అని లోలోపల నవ్వుకుంది.

చక్రం వెనక చీకటిగా ఉందని టార్చి పట్టింది.

"నాకెందుకు తల్లీ, మీ ఆయనకి పట్టు."

ఇక బ్రేకాయిలు గొట్టంలో చేరిన గాలి తీయాలి. అది ఇద్దరి పని. ఒకరు పైన పెడలు తొక్కి పట్టాలి, ఒకరు కింద మర వదిలి బిగించాలి.

"నువ్వెక్కు తల్లీ."

"అమ్మో, నేనా!"

"భయమున్న కాలే సరిగ్గా తొక్కుతుంది. ఎక్కు."

పాపను ఆయన ఒళ్ళో కూర్చోబెట్టి, మొదటిసారి డ్రైవరు సీటెక్కింది. ఆయన పాప ముక్కు మీద వేలు ఆనించి, "ఇది అమ్మదా, నాన్నదా?" అన్నాడు.

"వాళ్ళ నాన్నదే, ఆ బండముక్కు!"

కింద నుంచి మొగుడు నవ్వాడు.

"తొక్కు... పట్టు... ఇక వదులు. మళ్ళీ తొక్కు," ముసలాయన చెబుతున్నాడు.

మొదట బురదలో దిగినట్టు దిగింది పెడలు. తొక్కగా తొక్కగా కాలి కింద రాయిలా నిలబడింది.

"గట్టిపడిందండీ!" అని వీధంతా వినపడేలా అరిచింది.

మర్నాడు కొత్త అట్టముక్క మీద చుక్క లేదు. లారీ కొండ దిగింది, క్షేమంగా ఇంటికొచ్చింది. ఆమె కంటినిండా నిద్రపోయింది.

తరవాత వీధిలో ముసలాయన ఎదురైతే నోరంతా తెరిచి నవ్వింది. ఆయన తన దారిన తాను వెళ్ళిపోయాడు. ఇంకోసారీ అంతే. 'గుడ్లప్పగించి అన్నానుగా, మనసులో పెట్టుకున్నాడు,' అని ఆమెకూ పౌరుషమొచ్చింది. ఆ పైన ఎదురైతే మొహం తిప్పుకుంది.

కొన్నాళ్ళకు చివరింటికి తాళం పడింది.

"కూతురొచ్చి తీసుకెళ్ళిందట," అన్నాడు మొగుడు, పాపను ఎగరేస్తూ.

"పోతూ ఒక్క మాటైనా చెప్పలేదు. నేను నవ్వినా నవ్వలేదు. అంత కోపమా?"

మొగుడు పాపను దించి ఆమె వంక వింతగా చూశాడు.

"నవ్వితే ఆయనకెలా తెలుస్తుందే? చూపు పోయాకేగా మెకానిక్కు షెడ్డులో పని మానేసింది! గేటు దగ్గర నిలబడేది బండ్ల చప్పుడు వినడానికి. నీకు తెలుసనుకున్నా."

మీ వీధిలోకి కొత్తగా ఓ పెద్దాయన వచ్చి, గేటు దగ్గర తల వాల్చి నిలబడుతుంటే, దయచేసి ఒకసారి వెళ్ళి ఎలా ఉన్నాడో కనుక్కోండి. ఆ లారీ పెడలు ఇంకా గట్టిగానే ఉందని చెప్పండి, కానీ నవ్వి ఊరుకోకండి, నోరు తెరిచి పలకరించండి.